వేసవి సెలవుల్లో ఇంటి బడి: రోజుకు 40 నిమిషాలు చాలు

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఈమధ్య ఏళ్లలో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులు ఇస్తున్నారు, జూన్ 12న బళ్లు తెరుస్తున్నారు. అంటే 49 రోజులు, సరిగ్గా ఏడు వారాలు. మొదటి నాలుగు రోజులూ ఇంట్లో సందడిగానే ఉంటుంది. ఆ తర్వాత రిమోట్ దగ్గర తగువులు, ఫోన్ కోసం పేచీలు, గంటకోసారి ‘బోర్ కొడుతోంది’. సరిగ్గా అప్పుడే పక్కింటివాళ్లు తమ పిల్లని అబాకస్‌లో చేర్పించారని తెలుస్తుంది. ఇక మనకి టెన్షన్.

ఈ మార్గదర్శి 4 నుంచి 8 ఏళ్ల పిల్లలున్న ఇళ్ల కోసం. బడి మాన్పించి ఇంట్లో చదివించడం గురించి కాదు. సెలవుల్ని పాడుచెయ్యకుండా, చదివిన నాలుగు ముక్కలూ మరిచిపోకుండా, ఏడాదంతా బడిలో వీలుకానివి కొన్ని ఇంట్లో ఎలా చేయించాలన్నదే ఇక్కడి విషయం. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను: పై తరగతి పుస్తకాలు ముందే కొని పాఠాలు మొదలుపెట్టొద్దు. జూన్‌లో టీచరు అదే పాఠం చెబుతుంటే పిల్లాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు. వేసవి తన పాఠాలు తనే తెస్తుంది. ఎండ, మామిడికాయ, కుండలో నీళ్లు, అమ్మమ్మగారి ఊరు, పెళ్లిళ్లు, ఇవి చాలు.

ముందు క్యాలెండరు ముందేసుకుని కూర్చోండి

గోడకి వేలాడే తెలుగు క్యాలెండరు ఒకటి తీసుకోండి. పిల్లల చేత్తోనే బడి తెరిచే రోజుకి ఎర్ర స్కెచ్ పెన్‌తో గుండ్రం చుట్టించండి. తర్వాత మీకు ముందే తెలిసినవి రాయండి: ఊరి ప్రయాణం, పెళ్లిళ్లు, ఆఫీసులో సెలవు దొరకని రోజులు. మిగిలినవే మీ రోజులు.

మొదటి వారం ఖాళీగా వదిలేయండి. ఏడాది పొడుగునా ఆరింటికి లేచి వ్యాన్ ఎక్కిన పిల్లలు కాస్త నిద్రపోనీ. చివరి వారం బడికి అలవాటు పడడానికి సరిపోతుంది. ఊరు వెళ్తే అది ఒక వారం. మిగిలేవి నాలుగు వారాలు. వారానికి ఐదు రోజులు, రోజుకు 40 నిమిషాలు అనుకుంటే మొత్తం 800 నిమిషాలు, అంటే పదమూడు గంటల పైచిలుకు. సెలవులన్నిటికీ కలిపి చదువు అంతే. ఇది తక్కువ కదా అని మీ అత్తగారో మావగారో అంటారు. ఒక్క పిల్లాడి పక్కన ఒక్క పెద్ద మనిషి కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి గడిపిన 40 నిమిషాల్లో జరిగే పని, నలభై మంది ఉన్న తరగతిలో పూటంతా కూర్చున్నా జరగదు.

సమయం విషయానికొస్తే, పొద్దున టిఫిన్ అయ్యాక ఎండ ముదరకముందే మంచిది. ఎనిమిదిన్నర ప్రాంతంలో కూర్చుంటే తొమ్మిది దాటేసరికి పని అయిపోతుంది. 4, 5 ఏళ్లవాళ్లని 40 నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టలేం. వాళ్లకి పొద్దున 15 నిమిషాలు, సాయంత్రం 15 నిమిషాలు చాలు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇంట్లో అయితే ఆఫీసుకి బయల్దేరేముందు 20 నిమిషాలు చదవడం, రాత్రి అన్నాలయ్యాక 20 నిమిషాలు ఆట అని విడదీసుకోండి.

రోజుకు మూడే పనులు

చదవడం, లెక్క, చేత్తో చేసేది. ఈ మూడింటికి మించి పెట్టుకోవద్దు. జనరల్ నాలెడ్జ్, స్పోకెన్ ఇంగ్లిష్, కర్సివ్ రైటింగ్ అని జాబితా పెంచితే మూడో రోజుకి మీకే విసుగొస్తుంది.

కొనాల్సినవి పెద్దగా లేవు. ఒక పలక, బలపాలు, సుద్దముక్కలు, గీతల్లేని తెల్లకాగితాల నోటుపుస్తకం ఒకటి, గుప్పెడు చింతగింజలు, పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు. దుకాణంలో దొరికే రంగురంగుల వర్క్‌బుక్కుల జోలికి పోకండి. పిల్లలు ఒకే ఊపులో పది పేజీలు రంగులేసేసి పదకొండోది తెరవరు.

చదవడం: ముందు తెలుగు

ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లలు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే మాత్రం నీళ్లు నములుతారు. వేసవిలో ఇంగ్లిష్‌ని రోజుకో చిన్న కథ చదివి వినిపించడానికి పరిమితం చేసి, అసలు శ్రద్ధ తెలుగు మీద పెట్టమంటాను. మాట ముందే వచ్చిన భాషలో చదువు తొందరగా అంటుతుంది. ఒక భాషలో కూడబలుక్కుని చదవడం వచ్చినవాడికి రెండో భాషలోనూ ఆ ధైర్యం వస్తుంది.

మీ పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారో ముందు చూసుకోండి. పలక మీద ‘వల’, ‘తాత’, ‘అమ్మ’ అని మూడు మాటలు రాసి చదవమనండి. మొదటిది రాకపోతే అక్షరాల దగ్గర, రెండోది రాకపోతే గుణింతాల దగ్గర, మూడోది రాకపోతే ఒత్తుల దగ్గర మొదలుపెట్టాలి.

అక్షరాలు రానివాళ్లకి అ నుంచి ఱ దాకా వరసగా చెప్పించడం వల్ల పాట వస్తుంది, చదువు రాదు. వరస వదిలేసి, వెంటనే మాటలు కట్టడానికి పనికొచ్చే అక్షరాలు ముందు నేర్పండి: ల, త, వ, క, ప, డ, గ, ర. వీటితోనే వల, తల, కల, పలక, కడవ, గడప, పడవ అని చదివించొచ్చు. గుణింతం ఒక్కటీ రాకుండానే పిల్ల ‘పడవ’ చదివేసిందంటే ఆ రోజు ఇల్లంతా తిరిగి చెబుతుంది. ప, వ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. మ, య కూడా అంతే. ఈ జంటల్ని ఒకే రోజు నేర్పొద్దు, నాలుగు రోజులు ఎడం ఉంచండి. ఋ, ఌ, ఙ, ఞ ఈ వేసవికి అక్కర్లేదు, బళ్లో చూసుకుంటారు.

గుణింతాల దగ్గర క నుంచి క్ష దాకా పరుగెత్తకుండా ఒక్కో గుర్తు పట్టుకోండి. రెండు రోజులు దీర్ఘం మాత్రమే: తాత, మామ, పాప, కాకర. రెండు రోజులు గుడి: పిలక, చిలక, గిలక. తర్వాత కొమ్ము: గురక, ఉడుత, పులుపు. ఒత్తులకొచ్చేసరికి ముందు తన ఒత్తే తనకున్న మాటలు తీసుకోండి: అమ్మ, అక్క, అన్న, అత్త, చెట్టు, ఎద్దు, పిల్లి. త, న, మ, య, ర, ల ఒత్తులు అక్షరం రూపానికి దూరంగా ఉంటాయి కాబట్టి వాటిని గోడకి అంటించండి, మిగతావి చూడగానే పోల్చుకుంటారు. ప్రయాణం, స్త్రీ లాంటివి ఆ తర్వాత.

కూర్చోబెట్టి చదివించే పది నిమిషాలు అయ్యాక మిగతా చదువు వీధిలో ఉంది. బస్టాండుకి వెళ్తే ఆర్టీసీ బస్సుల బోర్డులు చదివించండి. ‘ఏలూరు’, ‘కడప’, ‘జనగామ’, ‘నరసాపురం’ చిన్న చిన్న మాటలే. బస్సు కదిలేలోపు చదవాలి, అదీ పందెం. పెళ్లిళ్ల కాలం కాబట్టి ఇంటికి శుభలేఖలు వస్తూంటాయి. అందులో పెళ్లికొడుకు పేరు, ఊరు, ముహూర్తం వెతకమనండి. మీ ఇంటిపేరు ఎక్కడైనా కనిపిస్తుందేమో చూడమనండి. కిరాణా కొట్టు చీటీ మీరు చెబుతుంటే వాళ్లు రాయాలి. ‘కందిపప్పు’ని ‘కదిపపు’ అని రాసినా కొట్టాయనకి అర్థమవుతుంది. ఇంటికొచ్చాక పప్పు ప్యాకెట్టు మీద ఎలా ఉందో చూపించండి, ఎర్ర సిరా ఎత్తొద్దు.

కథల పుస్తకాలకి డబ్బు పెట్టలేకపోయినా ఇబ్బంది లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, స్థాయిల వారీగా విడదీసి ఉంటాయి. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే. కాగితం పుస్తకం కావాలనుకుంటే నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగు బాలల పుస్తకాలు, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్ల పుస్తకాలు చూడండి. మీ ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే ఒక సాయంత్రం తీసుకెళ్లి పిల్లల అలమర ఎక్కడుందో అడగండి. వేసవిలో పిల్లల కోసం ఏమైనా నడుపుతున్నారేమో కూడా కనుక్కోండి.

రాత విషయంలో ఒక్క పద్ధతి చెబుతాను, దీనికి మించింది నాకు కనబడలేదు. పిల్లలు చెబుతుంటే మీరు రాయండి. ‘ఇవాళ ఏం జరిగిందో చెప్పు’ అనండి. ‘కుక్క వచ్చింది. తమ్ముడు భయపడ్డాడు. నేను భయపడలేదు’ అంటుంది. మార్చకుండా అలాగే తెల్లకాగితాల నోటుపుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి, కింద బొమ్మ వెయ్యమనండి. మర్నాడు అదే పేజీ చదవమనండి. తను చెప్పిన మాటలే కాబట్టి సగం కంఠతా ఉంటాయి, మిగతా సగం కూడబలుక్కుంటుంది. 7, 8 ఏళ్ల పిల్లలైతే మొదటి వాక్యం వాళ్లు, మిగతావి మీరు. నాలుగు వారాలకి ఇరవై పేజీల సొంత వాచకం తయారవుతుంది. చూచిరాత పేజీలకి పేజీలు రాయించేకంటే ఇది ఎంతో నయం.

రాత్రి పడుకునేముందు పొడుపుకథలు. ‘చెయ్యని కుండ, పొయ్యని నీళ్లు, వెయ్యని సున్నం, తియ్యగా ఉంటుంది’ అంటే కొబ్బరికాయ అని చెప్పడానికి ముందు ఎన్ని వింత జవాబులొస్తాయో చూడండి. ‘అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చి తైతక్కలాడింది’ అని కవ్వం గురించి అడగాలంటే ముందు వంటింట్లో కవ్వం చూపించాల్సిన రోజులొచ్చాయి. మిక్సీ మాత్రమే ఉన్న ఇంట్లో దీన్ని వదిలేయండి.

లెక్క: అష్టాచెమ్మాతో మొదలు

ఈ విభాగం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే లెక్క అనగానే అందరూ ఎక్కాల పుస్తకం తీస్తారు.

హాల్లో గచ్చు మీద సుద్దతో ఐదు అడ్డం, ఐదు నిలువు, మొత్తం 25 గళ్లు గియ్యండి. గీసే పని పిల్లలకే అప్పగించండి, గళ్లు సమానంగా రావడానికి స్కేలు ఎందుకు కావాలో అప్పుడే తెలుస్తుంది. నాలుగు వైపులా మధ్య గడికి, నడిమి గడికి ఇంటూ గుర్తు పెట్టాలి. గవ్వలు నాలుగు కావాలి. లేకపోతే నాలుగు చింతగింజల్ని నేల మీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీయండి. ఈ అరగదీసే పనిలో ఒక పూట హాయిగా గడిచిపోతుంది.

నాలుగూ గలగలలాడించి వేస్తే ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు నడవాలి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగు గళ్లు. ఒక్కటీ తెల్లగా పడకపోతే అష్టా, ఎనిమిది గళ్లు. ఈ రెండు పడినప్పుడు ఇంకో ఆట ఉంటుంది. పావు బయటి వరస 16 గళ్లూ చుట్టి, లోపలి 8 గళ్లూ ఎదురు దిక్కులో తిరిగి, నడిమి గడిలో పండుతుంది. ఇంటూ గుర్తున్న గడిలో ఉన్న పావుని చంపకూడదు. మీ ఇంట్లో పద్ధతి కొంచెం తేడాగా ఉంటే మీ పద్ధతే పాటించండి, ఊరికో రకంగా ఆడతారు.

ఇప్పుడు పిల్లల ముఖం చూడండి. ఐదేళ్ల పిల్ల గడి మీద వేలు పెట్టి ‘ఒకటి, రెండు, మూడు’ అని నడుపుతుంది. పావు ఉన్న గడినే ఒకటి అని మొదలుపెడుతుంది, ఆ తప్పు పక్కవాళ్లే పట్టుకుంటారు. వారం గడిచేసరికి వేలు పెట్టడం మానేసి చూపుతోనే లెక్కేస్తుంది. ఏడేళ్లవాడు అంతకంటే ముందుకి పోతాడు: ‘వాడి పావు ఐదు గళ్ల అవతల ఉంది. నాకు మూడు పడింది. ఇంకా రెండు పడాలి’. ఇదే 5-3. నోటుపుస్తకంలో ఇరవై తీసివేతలు చెయ్యమంటే ఏడ్చేవాడు ఇక్కడ అన్నీ నోటితో చేసేస్తాడు, తప్పైతే పావు చచ్చిపోతుంది కాబట్టి జాగ్రత్తగా చేస్తాడు కూడా.

అష్టాచెమ్మా విసుగొస్తే వామనగుంటలు: రెండు వరసలు, వరసకి ఏడు గుంటలు, చింతగింజలు. పంచుకుంటూ పోతే ఎక్కడ ఆగుతుందో ముందే ఊహించగలిగితే భాగహారానికి పునాది పడినట్టే. పులి-మేక ఏడేళ్లు దాటినవాళ్లకి బాగుంటుంది. వైకుంఠపాళిలో పందెం వేసేటప్పుడు ‘నువ్విప్పుడు ఎంత మీద ఉన్నావు, ఎంతకి వెళ్తావు’ అని అడిగి, నడపకముందే చెప్పమనండి.

పనిలో పనిగా అంకెలు తెలుగులో కూడా రానివ్వండి. ‘ముప్పై ఏడు’ అంటే ‘అంటే ఎంత?’ అని థర్టీ సెవెన్ కోసం ఎదురుచూసే పిల్లలు ఈ తరంలో ఇంటింటా ఉన్నారు. అమ్మమ్మ ఫోన్ నంబరుని రెండేసి అంకెలుగా విడదీసి తెలుగులో చెప్పించండి. సంతలో కూరగాయల అవ్వ చెప్పిన ధర విని సరైన నోటు తియ్యమనండి.

వంటింటి కొలతల్లో లెక్కకి లోటు లేదు. తాతమ్మల నాటి గిద్ద, సోల ఇంట్లో ఉంటే బియ్యం డబ్బా ముందు కూర్చోబెట్టండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మానికకి ఎన్ని గిద్దలో చెప్పకండి, కొలిచి కనుక్కోమనండి. అవి లేకపోతే 250 మిల్లీలీటర్ల గ్లాసు, లీటరు సీసా చాలు.

ఆవకాయ పెట్టే రోజు బడి వేరే అక్కర్లేదు. నాలుగు గిన్నెల ముక్కలకి ఒక గిన్నె ఆవపిండి, ఒక గిన్నె కారం, ముప్పావు గిన్నె ఉప్పు అని ఇంటికో లెక్క ఉంటుంది. మీ ఇంటి లెక్క పలక మీద రాసి, ‘ఎనిమిది గిన్నెల ముక్కలైతే?’ అనండి. జీడి తీసిన ముక్కల్ని పొడిగుడ్డతో తుడిచే పని పిల్లలు చక్కగా చేస్తారు. తడి ఉంటే బూజు పడుతుందని అప్పుడే చెప్పొచ్చు. కారం, ఆవపిండి కలిపేటప్పుడు మాత్రం వాళ్లని అవతలికి పంపించండి. కళ్లు మండితే వచ్చే ఏడాది దాకా ఆవకాయ దగ్గరికి రారు.

మూడో పని: వారానికో ప్రయోగం

చేత్తో చేసేది రోజూ కొత్తగా ఉండక్కర్లేదు. వారమంతా ఒకదాని చుట్టూ తిరిగినా చాలు. రెండు నేను గట్టిగా సిఫారసు చేస్తాను.

మొదటిది నీడ మాయమయ్యే రోజు. మన రాష్ట్రాలు కర్కటరేఖకి దక్షిణాన ఉన్నాయి కాబట్టి సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ క్షణంలో నిటారుగా నిలబెట్టిన వస్తువుకి నీడ పక్కకి పడదు. మొదటిసారి వచ్చేది వేసవి సెలవుల్లోనే. తిరుపతిలో ఏప్రిల్ 27 ప్రాంతంలో, విజయవాడలో మే 6 ప్రాంతంలో, హైదరాబాద్‌లో మే 9న, విశాఖపట్నంలో మే 10, 11 తేదీల్లో, ఆదిలాబాద్‌లో మే 19 ప్రాంతంలో. సమయం సరిగ్గా పన్నెండు కాదు. హైదరాబాద్‌లో 12 గంటల 12 నిమిషాలకి, విజయవాడలో 12 దాటాక నాలుగైదు నిమిషాలకి, తూర్పున ఉన్న విశాఖలో పన్నెండుకి ఏడు నిమిషాల ముందే.

చెయ్యాల్సిన తీరు ఇది. పైకీ కిందకీ ఒకే లావుండే డబ్బా, పౌడరు డబ్బా అయినా సరే, డాబా మీద చదునైన చోట తెల్లకాగితం పరిచి నిలబెట్టండి. పదకొండున్నరకి నీడ చివర పెన్సిల్‌తో చుక్క పెట్టి టైము రాయండి. పది నిమిషాలకోసారి వెళ్లి ఇంకో చుక్క. ఒక్కోసారి ఒక్క నిమిషమే ఎండలో ఉండాలి, కాళ్లకి చెప్పులు, నెత్తిన టోపీ, మధ్యలో ఇంట్లోకి వచ్చెయ్యాలి. నీడ కుంచించుకుపోతూ డబ్బా కిందకి దూరిపోతుంది, మళ్లీ రెండో వైపు బయటికొస్తుంది. మబ్బు పట్టి ఆ రోజు తప్పిపోతే కంగారు పడకండి, ముందు రోజూ తర్వాత రోజూ కూడా దాదాపు అలాగే ఉంటుంది. ఎనిమిదేళ్ల పిల్లలకి ఇంకొక చిక్కుముడి వెయ్యొచ్చు: ఆ రోజు దాటాక మధ్యాహ్నం నీడ దక్షిణం వైపు పడుతుంది. చలికాలంలో ఉత్తరానికి పడిన నీడ ఇటు ఎందుకు తిరిగిందో ఆలోచించనివ్వండి. జవాబు మీరు చెప్పెయ్యకండి, వారం పట్టినా ఫరవాలేదు.

రెండోది మట్టికుండ. పొద్దున్నే కుండలోనూ స్టీలు బిందెలోనూ ఒకే కుళాయి నీళ్లు పోసి పక్కపక్కన నీడలో పెట్టండి. సాయంత్రం చెయ్యి పెట్టి చూడమనండి. కుండకి బయట చెమ్మ ఎక్కడిదని అడుగుతారు. మట్టిలోని సన్నని రంధ్రాల్లోంచి నీళ్లు బయటికి ఊరి ఆవిరవుతాయి, ఆవిరయ్యేటప్పుడు కుండలోని వేడిని తీసుకుపోతాయి. తడిచేత్తో ఫ్యాను కింద నిలబడితే చల్లగా ఉండేదీ ఇందుకే, ఆ పని వెంటనే చేయించండి. కర్నూలు, ఆదిలాబాద్ లాంటి పొడి ఎండల్లో కుండ నీళ్లు బాగా చల్లబడతాయి. మచిలీపట్నం, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో అంతగా చల్లబడవు, గాలిలో అప్పటికే తేమ ఎక్కువ కాబట్టి ఆవిరవడం నెమ్మది. వేరే ఊళ్లో బంధువుల పిల్లలుంటే వాళ్ల చేత కూడా చేయించి వీడియో కాల్‌లో పోల్చుకోమనండి.

ఇవి కాక చిన్నవి: పిట్టగోడ మీద నీళ్ల మూకుడు పెట్టి ఏ పిట్టలు వచ్చాయో గీతలు పెట్టుకోవడం, పక్షం రోజులు రాత్రిపూట చందమామ బొమ్మ వెయ్యడం, చుక్కల ముగ్గు. ఐదు చుక్కలు మధ్యలో పెట్టి అటూ ఇటూ నాలుగు, మూడు, రెండు, ఒకటి పెడితే మొత్తం ఎన్ని చుక్కలో ఎంచమనండి. 25 వస్తాయి, అష్టాచెమ్మా గళ్లు కూడా అన్నే. ఈ సంగతి ఏ పిల్లో కనిపెట్టి అరుస్తుంది.

ఊరెళ్లినప్పుడు

అమ్మమ్మగారింటికో నానమ్మగారింటికో వెళ్లిన వారం పుస్తకాలు సంచిలో పెట్టొద్దు. తెల్లకాగితాల నోటుపుస్తకం ఒక్కటి చాలు. తాతయ్యల్ని చదువు చెప్పమని అడగకండి, కథ చెప్పమనండి. పిల్లలకి మూడు ప్రశ్నలు ఇచ్చి పంపండి: తాతయ్యా, నువ్వు ఏ బడికి ఎలా వెళ్లేవాడివి? మన పొలంలో ముందు ఏం పండేది? నీ చిన్నప్పుడు దెబ్బలు దేనికి తిన్నావు? మూడోదానికి జవాబు చాలాసేపు సాగుతుంది.

ముంజలు కొట్టించుకున్న చోట కాయకి ఎన్ని ముంజలు ఉన్నాయో ఎంచి రాసుకోమనండి. తిన్నాక మిగిలిన తాటిబుర్రలతో రెండు చక్రాల బండి ఎవరైనా పెద్దపిల్లలు చేసిపెడతారు. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: వ్యవసాయ బావులు, కాలువలు, చెరువుల దగ్గరికి పెద్దవాళ్లు లేకుండా పంపొద్దు. పక్కింటి పెద్దపిల్లలు తోడున్నారులే అనుకోవద్దు, ఈత వచ్చిన పెద్ద మనిషే ఉండాలి.

విదేశాల్లో ఉన్నవాళ్లకి చాలాచోట్ల సెలవులు వేరే నెలల్లో వస్తాయి, నీడ ప్రయోగం కుదరకపోవచ్చు. అష్టాచెమ్మా, చెబితే రాసే పుస్తకం, వీడియో కాల్‌లో తాతయ్యకి మూడు ప్రశ్నలు ఎక్కడైనా కుదురుతాయి.

ఎండ, ఫోన్, పేచీ

మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పిల్లల్ని ఆటకి బయటికి పంపొద్దు. మజ్జిగ, నిమ్మరసం, కుండ నీళ్లు అడక్కుండానే ఇస్తూండాలి. వాంతులు, ఒళ్లు కాలిపోవడం, మగతగా పడుకోవడం కనిపిస్తే ఇంటి చిట్కాలతో కాలక్షేపం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది, రోళ్లు పగిలే ఎండ అంటారు. ఆ రెండు వారాలూ ప్రయోగాలన్నీ ఇంట్లో కుదిరేవే పెట్టుకోండి.

ఫోన్ విషయంలో భారతీయ శిశువైద్యుల సంఘం 2021లో ఇచ్చిన సూచన 2 నుంచి 5 ఏళ్లవాళ్లకి రోజుకు గంట మించొద్దని, 5 నుంచి 10 ఏళ్లవాళ్లకి రెండు గంటల లోపు ఉండాలని. ఎంతసేపన్నదానికంటే ఎప్పుడన్నది ఇంట్లో ఎక్కువ పని చేస్తుంది. ‘సాయంత్రం ఐదు నుంచి ఆరు’ అని గడియారానికి కట్టేస్తే రోజంతా బేరాలుండవు. చదివితే ఫోన్ ఇస్తానని మాత్రం అనొద్దు. చదువు శిక్ష, ఫోన్ బహుమానం అని మనమే నేర్పినట్టవుతుంది.

కొన్ని రోజులు పిల్లలు కూర్చోరు. పది నిమిషాలు ప్రయత్నించి, కుదరకపోతే పుస్తకం మూసెయ్యండి. మర్నాడు రెట్టింపు చేయించొద్దు. ఇద్దరు పిల్లలుంటే చిన్నదానికి అక్షరాలు చూపించే పని పెద్దవాడికి అప్పగించండి. చెప్పేవాడికే ఎక్కువ వస్తుంది. వాడు టీచరమ్మలా బెత్తం పట్టుకుంటే మాత్రం మధ్యలోకి వెళ్లండి.

ఈ నాలుగు వారాల్లో పిల్లల పక్కనే కూర్చుంటారు కాబట్టి బడిలో కనిపించనివి కనిపిస్తాయి. పుస్తకం ముఖానికి మరీ దగ్గరగా పట్టుకుంటున్నా, కళ్లు చికిలిస్తున్నా కంటి పరీక్ష చేయించండి, సెలవులే దానికి సరైన సమయం. రెండో తరగతి అయిపోయినా ఏ భాషలోనూ చిన్న మాటలు చదవలేకపోతే బద్ధకం అని తిట్టొద్దు. బడి తెరిచాక టీచరుతో, అవసరమైతే పిల్లల డాక్టరుతో మాట్లాడండి.

చివరి వారం

జూన్ 5 నుంచి ఇంటి బడి బంద్. పడుకునే వేళ రోజుకు 15 నిమిషాలు ముందుకి జరుపుతూ రండి, ఒక్కరోజులో పదకొండు నుంచి తొమ్మిదికి తేవడం ఎవరి వల్లా కాదు. చెబితే రాసిన పుస్తకానికి అట్ట వేసి, పేరు వాళ్ల చేతే రాయించి, కొత్త టీచరుకి చూపించాలనుకుంటే సంచిలో పెట్టుకోనివ్వండి. పాత బూట్లు ఒకసారి తొడిగి చూడండి. రెండు నెలల్లో కాలు పెరిగి ఉంటుంది, 11వ తేదీ రాత్రి దుకాణాల్లో సైజులు దొరకవు.